మార్చి దాకా ఆగాల్సిన బరువు

కోనాలపాడు రైసుమిల్లు దగ్గరుండే పంపన వారి అన్నదమ్ములు ముగ్గురికీ తమ తెలివి మీద ఉన్న నమ్మకం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. పెద్దవాడు బుల్లబ్బాయి, నడిపివాడు నల్లబాబు, ఆఖరివాడు సూరన్న. "మనిషన్నాక చెప్పిన మాట చెప్పినట్టు వినాలి. సొంత తెలివి కలిపితేనే గొడవలన్నీ వచ్చేది" అనేవాడు బుల్లబ్బాయి. తమ్ముళ్ళిద్దరూ ఆ మాటని కూడా చెప్పింది చెప్పినట్టే వినేవారు. ఒకసారి మిల్లు ఆసామి గోవిందరెడ్డి గారు ఊక లారీని చూపించి "నేనొచ్చేదాకా దీన్ని కదలనివ్వకురా సూరన్నా" అని చెప్పి కాశీ వెళ్ళారు. సూరన్న పదమూడు రోజులు లారీ ముందు మంచం వేసుకుని పడుకున్నాడు. డ్రైవరు కాళ్ళు పట్టుకున్నా లేవలేదు. ఆసామి గారు తిరిగొచ్చి నెత్తి బాదుకుంటే, అది మెచ్చుకోలనుకుని ముగ్గురూ ఊరంతా తిరిగి చెప్పుకున్నారు.

బుల్లబ్బాయి ఆ మిల్లు కాటా గుమస్తా. లారీల్ని తూచే పెద్ద కాటా అది. లారీ నిండుగా వస్తే ఒక తూకం, సరుకు దించి ఖాళీగా వెళ్ళేప్పుడు ఇంకో తూకం. మొదటిదాన్లోంచి రెండోది తీసేస్తే సరుకు ఎంతో తేలుతుంది. ఇరవయ్యారేళ్ళుగా ఆయనకి తెలిసిన లోకజ్ఞానం అంతా ఈ తీసివేతలోనే ఉంది. కాటా గది మాత్రం పైన ఉంటుంది. వరదొచ్చిన ఏడాది కింది గది మునిగిపోతే ఆసామి గారు దాన్ని స్తంభాల మీద కట్టించారు. పదకొండు ఇనప మెట్లు. ఆ పైన కుర్చీ, కుర్చీ ముందు కిటికీ, కిటికీలోంచి చూస్తే వరుసగా లారీలు, డ్రైవర్లు తలెత్తి "గురువుగారూ, ఎంతొచ్చిందండీ?" అని అడగడం. ఆ కుర్చీ అంటే బుల్లబ్బాయికి ప్రాణం.

పేరుకే బుల్లబ్బాయి. ఒళ్ళు నూట పద్నాలుగు కిలోలు. ఈ కథ జరిగిన ఏడు వానాకాలం నుంచి మోకాళ్ళు మొరాయించాయి. నల్లబాబు పైనుంచి లాగాలి, సూరన్న కిందనుంచి తొయ్యాలి. మూడో మెట్టు దగ్గర ముగ్గురూ కూర్చుని టీ తాగాలి. ఈలోగా లారీలు రోడ్డు దాకా బారులు తీరి హారన్లు కొట్టేవి.

రెడ్డి గారు ఒక రోజు ఓపిక పట్టలేక కబురంపారు. "చూడు బుల్లబ్బాయీ, ఉగాది దాకా నీకు సెలవు. అప్పటిదాకా కుర్చీలో నల్లబాబు కూర్చుంటాడు. ఉగాది పొద్దున్న నేనే వస్తాను. ఎవరి సాయం లేకుండా పదకొండు మెట్లూ ఎక్కావా, కుర్చీ నీది. ఎక్కలేదా, కాకినాడ నుంచి కంప్యూటరు కుర్రాడొస్తాడు. తర్వాత నన్ను ఏమీ అనకు."

ఇంకేముంది, బుల్లబ్బాయి ఇంటికొచ్చి భార్య కనకరత్నం ముందు కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. కనకరత్నం కూడా ఏడ్చింది. తమ్ముళ్ళు ఎందుకో తెలుసుకోకుండానే ఏడ్చి, తర్వాత అడిగి, మళ్ళీ ఏడ్చారు. ఏడుపులయ్యాక నలుగురూ కలిసి మండపేటలో డాక్టరు అనసూయమ్మ గారి దగ్గరికి వెళ్ళారు.

డాక్టరమ్మ మోకాళ్ళు నొక్కి, బరువు చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మోకాళ్ళలో పెద్ద లోపం లేదండీ. మోసే బరువే ఎక్కువ. ఓ ఇరవై కిలోలు తగ్గితే మీరు మెట్లు ఎక్కగలరు" అంది.

"ఎలాగండీ తగ్గడం?" అన్నాడు బుల్లబ్బాయి.

"ఇప్పుడో సూది మందొచ్చింది. వారానికొకటి. మీ అంత బరువున్న వాళ్ళకే ఇస్తాం. కానీ ధర మీ వల్ల కాదు. ప్రస్తుతం ఒక్క కంపెనీకే దాన్ని చేసే హక్కుంది. మార్చిలో ఆ హక్కు గడువు తీరిపోతుందట. ఆ తర్వాత అదే మందుని అందరూ చేస్తారు. అప్పుడు ధర బాగా దిగొచ్చు. కాస్త అటూ ఇటూ అవ్వొచ్చు కూడా, గట్టిగా చెప్పలేను."

"అందరూ అంటే మేం కూడా చెయ్యొచ్చాండీ?" అంది కనకరత్నం. "ఏం నానెయ్యాలో చెప్తే ముందే నానేసుకుంటాను."

"మీరు కాదమ్మా, వేరే కంపెనీలు!" అని డాక్టరమ్మ నవ్వు ఆపుకుని చీటీ రాసింది. "మార్చి దాకా ఆగండి. ఈలోగా అన్నం సగమే తినండి. తిన్నప్పుడల్లా బరువు చూసుకుంటూ ఉండండి, పెరగనివ్వకండి. అంతే."

అంతే అన్నారు కదా, అంతే చేశారు.

మర్నాడు కనకరత్నం కంచం నిండా అన్నం పెట్టింది. బుల్లబ్బాయి వేలితో మధ్యలో గీత గీసి సగం తిన్నాడు. తిన్నాక బరువు చూసుకోవాలి. బరువు చూసుకోవడానికి పంపన వారింట్లో ఇంకో సాధనం లేదు, మిల్లు కాటాయే. ఇంటికి అర కిలోమీటరు. మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి, లారీని పక్కకి తీయించి, కాటా ఇనప పళ్ళెం మధ్యలో నిలబడ్డాడు. పైనుంచి నల్లబాబు "నూట పదీ!" అని కేకేశాడు. అంత పెద్ద కాటా కదా, అది పదుల్లోనే చూపిస్తుంది. నూట పద్నాలుగైనా నూట పదే అంటుంది, నూట పదిహేను దాటితే నూట ఇరవై అంటుంది.

"పెరగలేదు!" అని సంతోషంగా ఇంటికొచ్చాడు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది.

"ఇది పారేస్తే మహాపాపం కదండీ" అంది కనకరత్నం.

బుల్లబ్బాయి ఆలోచించాడు. "పారెయ్యడమెందుకే? దీన్లో సగం తింటాను. డాక్టరమ్మ మాట దాటినట్టు ఉండదు" అన్నాడు. ఆ సగంలో సగం తిన్నాడు. తిన్నాక బరువు చూసుకోవాలిగా, మళ్ళీ కాటా దగ్గరికి బయల్దేరాడు. తిరిగొచ్చి మిగిలినదాన్లో సగం. మళ్ళీ కాటా. సాయంత్రానికి కంచంలో ఒక్క మెతుకు మిగిలింది. సూరన్న గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి దాన్ని జాగ్రత్తగా రెండు ముక్కలు చేశాడు. వదిన చప్పట్లు కొట్టింది.

అసలు చిక్కు ఇంకోటుంది. గుమస్తా బుర్ర కదా, ఒక్క తూకంతో ఊరుకోదు. "నిండు తూకం ఒక్కటే తీస్తే ఏం తేల్తుందిరా? ఖాళీ తూకం కూడా ఉండాలి" అన్నాడు బుల్లబ్బాయి. అంటే తినకముందొకసారి, తిన్నాకొకసారి. ఇంకేముంది, నాలుగు ముద్దలకి ముందు అర కిలోమీటరు వెళ్ళి రావడం, తర్వాత అర కిలోమీటరు వెళ్ళి రావడం. లారీ డ్రైవర్లు తిట్టుకున్నారు. ఒకాయన "గురువుగారూ, మీరు ఏ ఊరి సరుకండీ?" అని కూడా అడిగాడు. బుల్లబ్బాయి పట్టించుకోలేదు. ఇంటికొచ్చేసరికి అన్నం చల్లారిపోయేది, కూర మీద నూనె గడ్డ కట్టేది, కూర్చుని తినే ఓపిక ఉండేది కాదు. రెండు సగాలు తిని మూడో సగానికి ముందే నిద్రపోయేవాడు.

ఇక్కడ సూరన్న ఇంకో పని మీద ఉన్నాడు. రోజూ మండపేట వెళ్ళి మందుల షాపు వరప్రసాదుని "వచ్చిందాండీ?" అని అడగడం. పదో రోజుకి వరప్రసాదు విసిగిపోయి, "ఒరే నాయనా, ముందు మార్చి నెల రానీరా! గోడ మీద మార్చి కనపడితే అప్పుడు రా!" అన్నాడు.

అంతే, సూరన్న ఇంటికొచ్చి గోడ మీది క్యాలెండరులో కార్తీకం, మార్గశిరం, పుష్యం, అన్నీ బర్రుబర్రున చింపేశాడు. కొత్త సంవత్సరానిది కొని తెచ్చి జనవరి, ఫిబ్రవరి కూడా పీకేశాడు. మార్చి కనపడింది. దాన్ని చంకలో పెట్టుకుని పరిగెత్తుకుంటూ వెళ్ళి "వచ్చేసిందండీ, చూడండి!" అన్నాడు. వరప్రసాదు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత షట్టరు దించుకుని ఆ పూట ఇంటికెళ్ళిపోయాడు. శివరాత్రి ఉన్న కాగితం చెత్తలో పోవడం వల్ల ఆ ఏడు పంపన వారింట్లో శివరాత్రి జరగలేదు.

జనవరి నడిమధ్యన ఒక రోజు పెద్ద ఉపద్రవం వచ్చిపడింది. బుల్లబ్బాయి పళ్ళెం మీద నిలబడగానే పైనుంచి కేక రాలేదు. నల్లబాబు దబదబా మెట్లు దిగొచ్చాడు.

"అన్నియ్యా, వంద అంటుందేవిటి?"

"వందేవిట్రా? నూట పది కదా నేను?"

"అదే చెప్తున్నాను. పది కిలోలు కనబడట్లేదు!"

ముగ్గురూ పళ్ళెం కింద వంగి వెతికారు. కాటా పాడైందేమోనని తెలిసిన లారీని ఎక్కించి చూశారు. తూకం సరిగ్గానే ఉంది. అంటే మనిషిలోనే తేడా. బుల్లబ్బాయి పళ్ళెం మీదే కూలబడ్డాడు.

"మందు లేకుండా బరువు తగ్గడమేంటి? డాక్టరమ్మ మార్చి దాకా ఆగమంది. ఆగకుండా ఇప్పుడే తగ్గిపోతే ఆవిడ మాట పోయినట్టు కాదూ?" అన్నాడు.

"పైగా ఆవిడ ఇంకోటి కూడా చెప్పిందన్నియ్యా. ఇంత బరువున్న వాళ్ళకే సూది ఇస్తామంది. మార్చి వచ్చేసరికి బరువు లేకపోతే మందివ్వరు. మందివ్వకపోతే మెట్లెక్కలేవు. మెట్లెక్కకపోతే కుర్చీ పోతుంది" అన్నాడు సూరన్న. ఇంత పొడుగు ఆలోచన అతను జీవితంలో ఎప్పుడూ చెయ్యలేదు. చెప్పాక కాసేపు ఆయాసపడ్డాడు.

కుర్చీ పోతుందన్న మాట వినగానే బుల్లబ్బాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కనకరత్నం అది చూడలేకపోయింది. లోపలికెళ్ళి పది కిలోల బియ్యం సంచి తెచ్చింది. "కనపడనివి పది కిలోలేగా! ఇవి మీ వీపుకి కట్టేస్తాను, సరిపోతుంది" అంది. నైలాను తాడుతో కట్టారు. కాటా ఎక్కించారు. "నూట పదీ!" అని నల్లబాబు కేక వినగానే అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి.

ఆ సంచితోనే తిన్నాడు, ఆ సంచితోనే పడుకున్నాడు, ఆ సంచితోనే రోజంతా కాటాకీ ఇంటికీ తిరిగాడు. నడక పెరిగి ఇంకా చిక్కిపోయాడు. ఫిబ్రవరి ఆఖర్లో కాటా మళ్ళీ వందకి దిగింది. కనకరత్నం రెండో సంచి కట్టింది. రెండూ కలిపి గోనెలో పెట్టి కుట్టేసింది కూడా. ఇప్పుడు బుల్లబ్బాయి ఎదురుగా చూస్తే సన్నగా, పక్కనుంచి చూస్తే లావుగా కనపడేవాడు. మోకాళ్ళు మాత్రం ఎప్పట్లాగే నొప్పి. పాపం వాటికి పైనున్నది కండో బియ్యమో తెలీదు కదా.

"చూశావా, బరువు ఇంకా అలాగే ఉంది. మందొస్తే గానీ లాభం లేదు" అని మూలిగేవాడు.

మార్చి వచ్చింది. నిజం మార్చే వచ్చింది. ఉగాదికి రెండు రోజులుందనగా వరప్రసాదే ఫోను చేశాడు. "రండయ్యా, వచ్చింది. ఒకటి కాదు, నాలుగు కంపెనీలవి వచ్చాయి. పాత ధరలో సగం కూడా లేదు." సూరన్న చీటీ పట్టుకుని వెళ్ళి పెన్నులాంటి ఆ సూదిని మంచు డబ్బాలో పెట్టి, గుడిలో ప్రసాదం తెచ్చినట్టు రెండు చేతుల్తో తెచ్చాడు. ఎలా పొడవాలో చూపించమని అందరూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు.

డాక్టరమ్మ బుల్లబ్బాయిని చూసి కుర్చీలోంచి లేచింది. "వీపు మీద అదేమిటి?"

"బరువండీ. మార్చి దాకా ఆపాం" అన్నాడు బుల్లబ్బాయి వినయంగా.

"ముందు ఆ మూట దించండి!"

దించారు. తూచింది. తొంభై ఒకటి. ఆవిడ ఇంకోసారి తూచి, నలుగురి మొహాలూ మార్చి మార్చి చూసి, "మీకు సూది అక్కర్లేదండీ. మీ అంతట మీరే ఇరవై మూడు కిలోలు తగ్గారు. ఆ బస్తా దించేసి మెట్లెక్కండి, చాలు. ఎలాగూ ఆ మందు ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది. మీరు ఇలాగే నడవండి" అంది.

ఆర్నెల్లు ఎదురుచూసిన మందుని అక్కర్లేదనడం బుల్లబ్బాయికి కష్టంగా తోచింది. మళ్ళీ బస్తా వీపుకెత్తుకుని ఇంటిదారి పట్టాడు. ఇంటి దగ్గరికొచ్చాక నల్లబాబు మెల్లగా అన్నాడు: "అన్నియ్యా, ఆవిడ అన్న మాట సరిగ్గా విన్నావా? సూది నీకు అక్కర్లేదంది. బస్తాకి అక్కర్లేదని అనలేదు."

బుల్లబ్బాయి ఆగిపోయాడు. తీసివేత చేసుకున్నాడు. బస్తాతో కలిపి నూట పదకొండులో తను తొంభై ఒకటి. ఎక్కువున్న ఇరవై బస్తాలో ఉంది. తగ్గాల్సింది ఎవరు? బస్తా. మందు ఎవరికి వెయ్యాలి? ఇంత సుళువు లెక్క డాక్టరు చదువు చదివినావిడకి తట్టలేదే అని జాలిపడ్డాడు.

ఉగాది పొద్దున్న రెడ్డి గారు పట్టుపంచెతో వచ్చి కాటా ముందు కుర్చీ వేయించుకున్నారు. కాకినాడ కుర్రాడు పక్కనే సంచితో నిలబడ్డాడు. డ్రైవర్లు లారీల్లోంచి దిగొచ్చి మూగారు. బుల్లబ్బాయి బస్తాతో వచ్చి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. రెండో మెట్టు. మూడో మెట్టు దగ్గర మోకాళ్ళు ఇక నావల్ల కాదన్నాయి. ఇనప కమ్మీ పట్టుకుని పైకి చూశాడు. కిటికీ కనపడింది, కుర్చీ వీపు కనపడింది. ఇరవయ్యారేళ్ళు కూర్చున్న కుర్చీ.

"దిగు బుల్లబ్బాయీ, ఫర్వాలేదు" అన్నారు రెడ్డి గారు.

"ఉండండి బాబుగారూ! ఇంకా మందెయ్యలేదు!" అని సూరన్న అరిచాడు. అన్నని కిందికి దింపి, మంచు డబ్బా తెరిచి, నల్లబాబు పట్టుకోగా బస్తాకి కసక్కున సూది పొడిచాడు. కనకరత్నం పొడిచిన చోట దూదితో రుద్దింది, నొప్పెడుతుందేమోనని ఊదింది కూడా. రెడ్డి గారి నోరు తెరుచుకుంది.

"ఇప్పుడు డాక్టరమ్మ చెప్పినట్టు దించండి" అన్నాడు నల్లబాబు.

బస్తా దించారు. బుల్లబ్బాయికి ఒళ్ళు గాల్లో తేలినట్టయింది. కమ్మీ పట్టుకోలేదు. ఒకటి, రెండు, మూడు. మూడు దగ్గర టీ కోసం అలవాటుగా ఆగి, అక్కర్లేదని తెలిసి మళ్ళీ ఎక్కాడు. పదకొండూ ఎక్కేశాడు! డ్రైవర్లు ఈలలేశారు. ఎవరో "గురువుగారూ, ఎంతొచ్చిందండీ?" అని అరిచారు. బుల్లబ్బాయి కిటికీలోంచి తల బయటపెట్టి సమాధానం చెప్పబోయి, చెప్పలేక, కుర్చీ చేతుల్ని తడుముతూ ఏడ్చేశాడు. ఆ ఏడుపు మాత్రం మంచి ఏడుపు.

"అంత పవరుందిరా ఆ మందులో!" అని సూరన్న ఊరంతా చెప్పాడు. రెడ్డి గారు కంప్యూటరు కుర్రాడికి బస్సు ఛార్జీ ఇచ్చి పంపేశారు.

మందు మొదలెట్టాక మధ్యలో మానకూడదు కదా. ఆ తర్వాతి ఆదివారం బస్తాకి రెండో సూది వేశారు. సూదేసి కిరాణా కొట్టు తక్కెడ మీద తూచడం, తూచి రాసుకోవడం. ఇంట్లో వేరే బియ్యం అయిపోవడంతో కనకరత్నం ఆ బస్తాలోంచే రోజూ వండుతోంది. బస్తా పద్దెనిమిదికి దిగింది, పన్నెండుకి దిగింది, ఆరుకి దిగింది. దిగినప్పుడల్లా నల్లబాబు గంతులేశాడు. రెండు వారాలయ్యేసరికి గోనె ఒక్కటే మిగిలింది. ఇక పొడవడానికి ఏమీ లేదని మందు ఆపేశారు.

ఆ మర్నాడే కనకరత్నం ఇరవయ్యారు కిలోల కొత్త బస్తా కొనుక్కొచ్చి ఆ మూలే పెట్టింది. సాయంత్రం కాటా నుంచి వచ్చిన బుల్లబ్బాయి దాన్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"చూశారట్రా! డాక్టరమ్మ ముందే చెప్పింది, మందు ఆపితే తిరిగొస్తుందని. ఇరవై పోయి ఇరవయ్యారు వచ్చింది!"

ఆ రాత్రి పంపన వారింట్లో ఎవరూ అన్నం వండలేదు. పొద్దున్నే ఆటో కట్టించుకుని మండపేట వెళ్ళారు. ఆస్పత్రి వరండాలో ఒక్క కుర్చీయే ఖాళీగా ఉంటే బస్తాని అందులో కూర్చోబెట్టి, నలుగురూ చుట్టూ నిలబడ్డారు. నర్సమ్మ చీటీలు పట్టుకుని వచ్చి "పేషెంటు ఎవరండీ?" అంది. బుల్లబ్బాయి బస్తా భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి చెప్పాడు:

"ఈవిడేనండీ. రక్తం తీస్తారేమోనని రాత్రి నుంచీ ఏమీ పెట్టలేదు, పరగడుపునే తీసుకొచ్చాం."